దవడ హద్దు ఎక్కడ? ఎండీఎస్ సర్జన్ల అర్హతపై తెగని తగువు

దంతవైద్యం అంటే ఏమిటో 1948 నాటి దంతవైద్యుల చట్టం నిర్వచించింది. మనుషుల పళ్లకు, దవడలకు చేసే ఏ ఆపరేషన్ అయినా, వాటికి వచ్చే ఏ జబ్బుకు చేసే చికిత్స అయినా దంతవైద్యమే అంటుంది. పన్ను పీకడం, చీము తీయడం, విరిగిన దవడను తీగలతో బిగించడం వరకే పని ఉన్న రోజుల్లో ఈ నిర్వచనంతో పేచీ రాలేదు. ఇవాళ అదే చట్టం గుర్తించిన ఎండీఎస్ (దంతవైద్యంలో పీజీ) పట్టా ఉన్న మాక్సిల్లోఫేషియల్ సర్జన్, అంటే నోటికి, దవడలకు, ముఖానికి ఆపరేషన్లు చేసే దంతవైద్యుడు, క్యాన్సర్ పట్టిన కిందిదవడను తీసేసి, కాలిలోని సన్నటి ఫిబులా ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి ఆ ఖాళీలో అమరుస్తున్నాడు. దవడ దంతవైద్యుడి పరిధిలోనిదే. మరి కాలు ఎవరి పరిధిలోది?

ఎంబీబీఎస్ చదవనివాళ్లు ఇంత పెద్ద ఆపరేషన్లు ఎలా చేస్తారని ప్లాస్టిక్ సర్జన్లు, ఈఎన్‌టీ వైద్యులు, చర్మవైద్యులు ఏళ్లుగా అడుగుతున్నారు. చట్టం గుర్తించిన స్పెషాలిటీని మీరెలా కాదంటారని దంతవైద్యులు బదులిస్తున్నారు. 2022 డిసెంబరులో భారత దంతవైద్య మండలి ఈ సర్జన్లు ముఖ సౌందర్య చికిత్సలు, జుట్టు మార్పిడి కూడా చేయవచ్చని లేఖ ఇవ్వడంతో చర్మవైద్యుల సంఘాలు భగ్గుమన్నాయి. ఆ లేఖ దంతవైద్యులకు మేలు కంటే కీడే ఎక్కువ చేసిందని నా అభిప్రాయం. నెత్తి మీది జుట్టును ‘దవడ’ అనే మాటలో ఇరికించబోతే, న్యాయంగా దవడ కిందికి వచ్చే పనుల మీద కూడా అనుమానం పుడుతుంది. పైగా చట్టంలోని నిర్వచనాన్ని లేఖతో విస్తరించలేరు. దానికి సవరణ కావాలి.

ఇక మూడో వాదన దంతవైద్యుల్లోంచే వస్తోంది. ఈ స్పెషాలిటీకి దంతవైద్య డిగ్రీ అయిన బీడీఎస్‌తో పాటు ఎంబీబీఎస్ కూడా తప్పనిసరి చేయాలని, లేదంటే మూడేళ్ల ఎండీఎస్‌ను ఇంకా పొడిగించాలని కొందరంటున్నారు. పట్టాలో ఏ అక్షరాలు ఉండాలన్న దానికంటే ముందు, ఆపరేషన్ బల్ల దగ్గర ఏ చదువు ఎక్కడ అక్కరకొస్తుందో చూడాలి.

బైకు మీంచి పడి కిందిదవడ ముందు భాగం విరిగినవాళ్లు మన ఆసుపత్రులకు రోజూ వస్తుంటారు. సర్జన్ మొదట ఎముకను పట్టి ఉంచే లోహపు ప్లేటు జోలికి వెళ్లడు. పైపళ్లకు, కిందిపళ్లకు ఆర్చ్ బార్లు (పళ్ల వరుస వెంట వంచిన లోహపు పట్టీలు) కట్టి, పళ్లు ఇదివరకు ఎలా కలిసేవో అలా కలిపి తీగలతో బిగిస్తాడు. పళ్ల మీద అరుగుదల గుర్తులే దీనికి ఆధారం. ఆ తర్వాతే ఎముక మీద 2 మిల్లీమీటర్ల మందం స్క్రూలు పట్టే రెండు చిన్న ప్లేట్లు పెడతాడు. ఒకటి దవడ కింది అంచు దగ్గర, ఇంకొకటి దానికి 4, 5 మిల్లీమీటర్ల పైన. విరుపుకు ఇటు రెండు, అటు రెండు స్క్రూలకు తగ్గకూడదు. పంటి వేరుకు తగలకుండా, పెదవికి స్పర్శనిచ్చే మెంటల్ నరం తెగకుండా చూసుకోవాలి. ఈ వరుస తప్పి, ఎక్స్‌రేలో ఎముక చక్కగా కనిపిస్తోంది కదా అని ముందే ప్లేటు బిగిస్తే, పళ్ల మధ్య ఒక్క మిల్లీమీటరు తేడా మిగిలినా ఆ మనిషి అన్నం నమలలేడు. మళ్లీ తెరవాల్సిందే. ఇక్కడ పనికొచ్చేది దంతవైద్య చదువే.

అదే రోగికి ముఖం మధ్య భాగం కూడా చితికి, పుర్రె అడుగు ఎముక చీలి ఉందనుకోండి. పళ్లు బిగించాలి కాబట్టి మత్తు గొట్టం నోట్లోంచి వేయడం కుదరదు. ముక్కులోంచి వేస్తే ఆ చీలికలోంచి మెదడులోకి దూరే ప్రమాదం ఉంది. అప్పుడు గడ్డం కింద చిన్న కోత పెట్టి గొట్టాన్ని అటునుంచి బయటికి తీస్తారు. ఆపరేషన్ అయ్యాక పళ్లు బిగించి ఉన్న రోగి వాంతి చేసుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే మంచం పక్కన తీగలు కత్తిరించే కట్టర్ ఉండి తీరాలి, దాన్ని ఎప్పుడు వాడాలో రాత్రి డ్యూటీ నర్సుకు కూడా తెలియాలి. ఇదంతా వార్డులో, ఐసీయూలో, అనస్థీషియా విభాగంలో నిలబడి నేర్చుకునే విద్య. బీడీఎస్ మూడో ఏడాదిలో చదివే జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ ఒక్కటే దీనికి చాలవు.

ఇతర దేశాలు ఈ చిక్కుముడిని ఒకేలా విప్పలేదు. బ్రిటన్‌లో మాక్సిల్లోఫేషియల్ సర్జరీ వైద్య స్పెషాలిటీ. రెండు పట్టాలూ ఉండాలి. చిన్న ఆపరేషన్లకు పరిమితమయ్యే ఓరల్ సర్జరీని మాత్రం దంతవైద్య స్పెషాలిటీగా విడిగా ఉంచారు. జర్మనీలోనూ రెండు పట్టాలు కావాలి, స్పెయిన్‌లో వైద్య పట్టా చాలు. అమెరికాది ఇంకో దారి. దంతవైద్య పట్టా తర్వాత కనీసం 48 నెలల శిక్షణ ఉంటుంది. కావాలనుకున్నవాళ్లు సాధారణంగా ఆరేళ్లు పట్టే కార్యక్రమంలో చేరి అక్కడి ప్రాథమిక వైద్య పట్టా అయిన ఎండీ కూడా పొందుతారు. చివరికి రెండు దారుల వాళ్లూ రాసేది ఒకే బోర్డు పరీక్ష. అయితే నాలుగేళ్ల శిక్షణలో ఉన్నవాడు అనస్థీషియా విభాగంలో కనీసం 20 వారాలు, సర్జరీ విభాగంలో 16 వారాలు పనిచేయాలి. పనిచేయడమంటే అక్కడి రెసిడెంట్లతో సమానంగా బాధ్యత మోయడం. మనం అరువు తెచ్చుకోవాల్సిన నిబంధన ఇదే.

బ్రిటన్ పద్ధతిని ఇక్కడ దించితే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. బీడీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు, ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీఎస్ మూడేళ్లు. మొత్తం పదమూడున్నరేళ్లు, అదీ మధ్యలో ఒక్క ఏడాది కూడా పోకుండా ఉంటే. బీడీఎస్ చదివినవాళ్లు నేరుగా ఎంబీబీఎస్ మధ్యలో చేరే వెసులుబాటు మన దగ్గర లేదు. మళ్లీ నీట్ యూజీ రాసి, అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మొదటినుంచి చదవాలి. చదివిందానికి మినహాయింపు ఇవ్వకుండా రెండు పట్టాలు తప్పనిసరి చేస్తే, డబ్బున్న కొద్దిమంది తప్ప ఈ స్పెషాలిటీ వైపు ఎవరూ చూడరు. అప్పుడు జిల్లా కేంద్రంలో విరిగిన దవడను కట్టేదెవరు?

అలాగని ఇప్పటి ఎండీఎస్‌ను ఉన్నదున్నట్టు వెనకేసుకురావడమూ కష్టమే. చివరి ప్రాక్టికల్ పరీక్షలో అభ్యర్థి స్వయంగా చేసి చూపే ఆపరేషన్, లోకల్ మత్తు ఇచ్చి, ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని తీయడం. మిగతాదంతా కేసు ప్రజెంటేషన్లు, వైవా. ఆ పట్టా చేతికి రాగానే దవడ క్యాన్సర్ ఆపరేషన్‌కూ చట్టపరంగా అడ్డు లేదు. పరీక్షించిన పనికీ, అనుమతించిన పనికీ మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు బయటివాళ్లు వేలెత్తి చూపడంలో తప్పు పట్టలేం. సిలబస్‌లో ఇతర విభాగాల పోస్టింగులు రాసే ఉన్నాయి. కానీ సొంత మెడికల్ కాలేజీ లేని దంతవైద్య కళాశాలలు 10 కిలోమీటర్ల లోపు, కనీసం 100 పడకల ప్రభుత్వ జనరల్ ఆసుపత్రితో ఒప్పందం చేసుకుని నడుస్తుంటాయి. అలాంటి చోట్ల పీజీ విద్యార్థి చాలాసార్లు గోడవారన నిలబడి చూసి, లాగ్ బుక్‌లో సంతకం పెట్టించుకుని వస్తాడు. కోర్సును నాలుగేళ్లు చేసినా ఈ తీరు మారకపోతే, గోడవారన నిలబడే రోజులు పెరుగుతాయి, అంతే.

శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో ఉంచి కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. ఎక్కువగా ఆడవాళ్లకే. ఆ వేడికి అంగిట్లో క్యాన్సర్ పుడుతుంది. అంగిలి అంటే పైదవడే, కాబట్టి దాన్ని తీయడం 1948 చట్టం నిర్వచనం కిందే వస్తుంది. ఆపరేషన్‌కు ముందే ప్రోస్థోడాంటిస్ట్ (కట్టుడు పళ్ల నిపుణుడు) పళ్ల అచ్చు తీసుకుని, అంగిట్లో పడే రంధ్రాన్ని మూసే అబ్చురేటర్ పలక సిద్ధం చేస్తాడు. పైదవడ తీసిన వెంటనే దాన్ని అమరిస్తేనే రోగి తిన్నది ముక్కులోంచి రాకుండా ఉంటుంది, మాట అర్థమవుతుంది. కానీ అదే ఆపరేషన్‌లో మెడలోని లింఫ్ గడ్డలు కూడా తీయాల్సి వస్తే, పక్కనే తలకు రక్తాన్ని చేరవేసే పెద్ద నాళాలు, అంటే జుగులర్ సిర, కెరోటిడ్ ధమని ఉంటాయి. అది దవడ కాదు. ఆ పని నేర్చినవాళ్లు ఎండీఎస్ సర్జన్లలో ఉన్నారు, క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఫెలోషిప్‌లు చేసి బాగా చేస్తున్నారు. అయితే వైద్యంలో పీజీ పైన ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ పట్టా ఉన్నట్టు దంతవైద్యంలో ఎండీఎస్ పైన చట్టబద్ధమైన మెట్టు లేదు. ఫెలోషిప్ కాగితానికి ఆసుపత్రి ఇచ్చే విలువే విలువ.

కాబట్టి మూడేళ్ల ఎండీఎస్‌ను పునాదిగా ఉంచి, దాని పైన క్యాన్సర్ సర్జరీకి, సన్నటి రక్తనాళాలను కలిపి కుట్టే మైక్రోవాస్కులర్ సర్జరీకి ప్రత్యేక పట్టా పెట్టాలన్నది నా వాదన. అనస్థీషియా, ఐసీయూ, జనరల్ సర్జరీ పోస్టింగులను వారాల లెక్కన, బాధ్యతతో సహా నిర్దేశించాలి. లాగ్ బుక్‌లో సంతకం ఆయా విభాగాధిపతిదై ఉండాలి. 1948 చట్టం స్థానంలోకి తేవడానికి పార్లమెంటు 2023లో జాతీయ దంత కమిషన్ చట్టం చేసింది. కొత్త కమిషన్ జాతీయ వైద్య కమిషన్‌తో కలిసి కూర్చుని, ఎముక ఎక్కడినుంచి తీయవచ్చు, మెడలో ఎంతవరకు వెళ్లవచ్చు అన్నది ఒక్కో ఆపరేషన్ పేరుతో పట్టిక రాయాలి.

మార్పు ఏదైనా గెజిట్‌లో వాడే మాట దగ్గర జాగ్రత్త పడాలి. ‘ఫలానా తేదీ తర్వాత పట్టా పొందినవారికి’ అని రాస్తే, రెండేళ్ల కిందట పాత నిబంధనల కింద ఫీజు కట్టి చేరిన విద్యార్థి మధ్యలో చిక్కుకుంటాడు. ‘ఫలానా విద్యా సంవత్సరంలో చేరినవారికి’ అని ఉండాలి. అధ్యాపకుల అర్హతకూ ఇదే వర్తించాలి, లేకపోతే పాత పట్టా ఉన్న ప్రొఫెసర్ కొత్త కోర్సుకు గైడ్‌గా పనికిరాడు, కాలేజీలో సీట్లు పోతాయి. పేర్లు మార్చినప్పుడు కూడా పాత పేరు, కొత్త పేరు సమానమని అదే నోటిఫికేషన్‌లో రాయాలి. ఎండీఎస్‌లోని కమ్యూనిటీ డెంటిస్ట్రీ అనే స్పెషాలిటీ పేరు పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ అయింది. ఉద్యోగ ప్రకటనలో ఒక్క పేరే అచ్చయితే, రెండో పేరున్న పట్టా పట్టుకుని అభ్యర్థి సర్టిఫికెట్ల పరిశీలన గదిలో సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది.