పిప్పి పెట్టె లెక్క

రాజోలు దగ్గర కాలువ గట్టు మీది పెంకుటింటి అరుగుపై పాత పంచె పరిచి, అబ్బాయి పంపిన ఆటోమేటిక్ కాఫీ యంత్రాన్ని దాని మీద ముక్కలుగా విప్పి కూర్చున్నారు కామేశ్వరరావుగారు. ముప్పై ఏళ్లు కాలువలో పడవలను దాటించే లాకుల దగ్గరా తూముల దగ్గరా పనిచేసి రిటైరైన మనిషి కనుక, నీళ్లు పారే ప్రతి వస్తువూ తన శాఖ కిందికే వస్తుందని ఆయన నమ్మకం. సుందరమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఏడు దాటింది, ఇంట్లో ఇంకా ఎవరి గొంతులోనూ కాఫీ పడలేదు.

సుందరమ్మ: ఏమండీ, కాఫీ సంగతి చూడమంటే పోస్టుమార్టం మొదలుపెట్టారేమిటి? అది ఇవాళ లేచి కూర్చుంటుందా, నన్ను ఇత్తడి ఫిల్టరు దింపమంటారా?

కామేశ్వరరావు: తొందరపడకు సుందరీ, రోగం ఎక్కడుందో తెలిసిపోయింది. చేత్తో పట్టుకునే ఈ భాగాన్ని బ్రూ యూనిట్ అంటారు; మిగిలిన యంత్రమంతా దీనికి నీళ్లు మోసే కూలీ. ఇందులో పొడి పడుతుంది, పిస్టన్ వచ్చి దాన్ని బిళ్లలా అదుముతుంది, వేడినీళ్లు ఆ బిళ్లలోంచి దూరి వెళతాయి, పని అయ్యాక ఒక చిన్న పలక ఆ పిప్పిని నెట్టి పెట్టెలో పడేస్తుంది. అచ్చం మన లాకు పద్ధతే. ఎగువ తలుపు మూతపడకుండా దిగువ తలుపు తెరిస్తే పడవ గతి ఏమవుతుందో నీకు చెప్పనక్కరలేదు.

సుందరమ్మ: అక్కరలేదు, పెళ్లయిన నాటి నుంచీ ఆ పడవ గతి వింటూనే ఉన్నాను. ఫిల్టరులో పొడి వేసి, గొడుగు పెట్టి, మరిగిన నీళ్లు పోస్తే డికాషన్ తనంతట తానే దిగుతుంది కదా, దీనికింత బందోబస్తు దేనికి?

కామేశ్వరరావు: దిగుతుంది, పావుగంటకు. ఇక్కడ 25, 30 సెకన్లలో దిగాలి. అంత తక్కువ సమయంలో సారమంతా రావాలంటే పొడి బాగా మెత్తగా ఉండాలి. మెత్తటి పొడిని అదిమిపెడితే నీళ్లు వాటంతట అవి దిగవు, 9 బార్ల ఒత్తిడితో నెట్టాలి. ఒక బార్ అంటే సుమారు 10 మీటర్ల నీటి ఎత్తు. అంటే 90 మీటర్ల ఎత్తున ట్యాంకు కట్టి, అక్కడి నుంచి గొట్టం దింపితే గాని ఆ ఒత్తిడి రాదన్నమాట.

సుందరమ్మ: నాలుగు కొబ్బరిచెట్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టాలి. ఈ చదును నేలలో అంత ఎత్తు ఎక్కడ దొరుకుతుందండీ?

కామేశ్వరరావు: అందుకే ఈ పంపు. ఈ రాగి తీగచుట్టలోకి కరెంటు సెకనుకు 50 సార్లు వచ్చిపోతుంది. వచ్చినప్పుడల్లా లోపలి ఇనుప కడ్డీ వెనక్కి లాగబడుతుంది, పోగానే స్ప్రింగు దాన్ని ముందుకు తన్నుతుంది. మన వీధి బోరింగును సెకనుకు 50 సార్లు కొడుతున్నట్టు ఊహించుకో.

సుందరమ్మ: పొద్దున్నే వంటింట్లో తుమ్మెదలు రొద పెట్టినట్టు వినిపించేది అదేనా! ఎవరికి పుట్టిందో ఈ బుద్ధి.

కామేశ్వరరావు: ఇటలీవాళ్లకు. 1884లో ట్యూరిన్‌లో మోరియోండో అనే ఆయన ఆవిరితో నడిచే కాఫీ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఆవిరి ఒత్తిడి చాలలేదు, పైగా ఆ వేడికి కాఫీ చేదెక్కేది. 1948 ప్రాంతంలో గాజియా కంపెనీ యంత్రాలు చేతిపిడి లాగితే స్ప్రింగు నీళ్లను నెట్టే పద్ధతి తెచ్చాయి. 1961లో ఫేమా కంపెనీ ఆ స్ప్రింగు స్థానంలో కరెంటు పంపు పెట్టింది.

సుందరమ్మ: అంటే 77 ఏళ్లు వాళ్లు కూడబెట్టిన తెలివిని మీరు పొద్దున్నే గంటలో పంచె మీద ఆరబోశారు. ఉండండి, లోపల పాలు చూసి వస్తాను.

(ఆమె లోపలికి వెళ్లి వచ్చేసరికి, ఆయన వేలితో ఒక జల్లెడ బిళ్లను గీకుతూ, దొంగను పట్టుకున్న తలారిలా చూస్తున్నారు.)

కామేశ్వరరావు: ఈ జిగురేమిటి? గింజలు వేయవలసిన యంత్రంలో, పక్కనున్న మూత తీసి చికోరీ కలిపిన పొడి ఎవరు పోశారు? చికోరీ వేరు నీళ్లు తగలగానే సగానికి పైగా కరిగి బంకలా సాగుతుంది. జల్లెడ పూడుకుపోయింది, నీటికి దారి లేక పంపు మూలిగింది.

సుందరమ్మ: చికోరీ లేని కాఫీ కషాయంలా ఉందని మీరే మూతి ముడిచారు కనుక నేనే పోశాను. మరి ఈ గొట్టం అంచున తెల్లగా సున్నంలా పేరుకున్నది ఏ చికోరీ అండీ? వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, తాగే నీళ్లు మోసుకురావడానికి బద్ధకించి ఈ ట్యాంకులో బోరు నీళ్లు పోసిందెవరు?

కామేశ్వరరావు: అది వేరే విభాగం. నీళ్లు 90 నుంచి 96 డిగ్రీల దాకా వేడెక్కే దిమ్మలో సన్నని దారి ఉంటుంది, దాని గోడలకు ఉప్పు పట్టింది. కాలువ పూడిక లాంటిదే, నిమ్మ ఉప్పు నీళ్లు తిప్పితే వదిలిపోతుంది.

సుందరమ్మ: నాది పడితే నేరం, మీది పడితే పూడిక.

కామేశ్వరరావు: అసలు విషయం విను. ఈ పిస్టన్ ముఖం 10 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. 9 బార్ల దగ్గర దాని మీద పడే తోపు 90 కిలోల పైమాటే, నిండు ధాన్యం బస్తా కంటే ఎక్కువ. అయినా అది వెనక్కి జారదు. ఎందుకో తెలుసా? తూము తలుపును చక్రం తిప్పి ఎత్తాక వదిలేస్తే, తలుపు బరువుకు మర వెనక్కి తిరగదు. ఇక్కడా మోటారుకు అలాంటి మరే ఉంది. ఎవరు రూపకల్పన చేశారో గాని, మా శాఖలో ఉండవలసిన మనిషి.

సుందరమ్మ: అంత బరువు మోసేది ఈ రోజు ఎందుకు బిగుసుకుంది మరి?

కామేశ్వరరావు: పిస్టన్ చుట్టూ ఉన్న ఈ రబ్బరు ఉంగరం ఎండిపోయింది. చికోరీ బంక అంటుకుంది, రాసిన గ్రీజు కడుక్కుపోయింది.

సుందరమ్మ: దానికింత ఉపన్యాసమా! ఇదిగో కొబ్బరినూనె.

కామేశ్వరరావు: వద్దు, వద్దు. వేడికి అది కొన్నాళ్లకు కమురు వాసన వేస్తుంది, ఆ వాసన కాఫీలోకి దిగుతుంది. తిండి వస్తువులకు వాడే సిలికాన్ గ్రీజే రాయాలి.

సుందరమ్మ: కోనసీమకు వచ్చి కొబ్బరినూనె వద్దన్న మొదటి వస్తువును ఇవాళే చూశాను.

(యంత్రంతో పాటు అబ్బాయి పంపిన చిన్న గొట్టంలోని గ్రీజు రాసి, ఆయన అన్నీ బిగించి స్విచ్చి వేశారు. బ్రూ యూనిట్ కిర్రుమనకుండా పైకీ కిందికీ ఒకసారి తిరిగి తన చోటికి వచ్చింది. ఆయన మీసం దువ్వుకున్నారు. అంతలో ఎర్ర దీపం వెలిగింది.)

సుందరమ్మ: ఇప్పుడేమంటోంది?

కామేశ్వరరావు: పిప్పి పెట్టె నిండిందట, ఖాళీ చేయమంటోంది.

సుందరమ్మ: తెల్లవారుజామున ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి పెట్టానండీ! కావాలంటే తీసి చూడండి.

కామేశ్వరరావు: ఖాళీయే. కానీ దీనికి కళ్లు లేవు సుందరీ. పిప్పిని చూసి చెప్పదు. తాను ఎన్ని బిళ్లలు పడేసిందో అంకె వేసుకుంటుంది. పెట్టె బయటికి వచ్చిందని తెలిపే చిన్న మీట ఒకటి లోపల ఉంది. కరెంటు ఉన్నప్పుడు తీస్తేనే ఆ అంకె చెరిగిపోతుంది. నువ్వు స్విచ్చి కట్టేసి తీస్తున్నావు.

సుందరమ్మ: అంటే తాను చేసిన పని మాత్రం లెక్క రాసుకుంటుంది, తాను పడుకున్నప్పుడు నేను చేసింది లెక్కలోకి రాదు. ఇంట్లో ఇలాంటిది ఒకటి ఉండగా అబ్బాయి రెండోది ఎందుకు పంపాడో నాకు అర్థం కావడం లేదు.

కామేశ్వరరావు: (పెట్టె బయటికి లాగి చేత్తో పట్టుకుని) పది సెకన్లు ఆగి పెట్టాలి. మాట్లాడించకు. ఒకటి, రెండు, మూడు...

సుందరమ్మ: నిదానంగా లెక్కపెట్టండి. మీరు 1961 దగ్గర ఉన్నప్పుడే ఇత్తడి ఫిల్టరులో నీళ్లు పోసి వచ్చాను, డికాషన్ దిగింది, పాలూ కాగాయి. పంచదార ఎంత వేయమంటారు?

కామేశ్వరరావు: ఆరు, ఏడు... ఒకటిన్నర చెంచా... అయ్యో, ఎక్కడున్నాను?

సుందరమ్మ: ఏడు దగ్గర.