అన్నా అనిపించుకోవడానికి అరగంట

తెలుగువాడి వయసును పుట్టిన తేదీ నుంచి లెక్కగట్టే పద్ధతి ఇంకా ఎందుకు కొనసాగుతోందో అర్థం కాదు. మన తరంలో బోలెడంత మంది జూన్ ఒకటినో జూలై ఒకటినో పుట్టారంటే అది గ్రహబలం కాదు, బడిలో చేర్చుకున్న రోజు హెడ్మాస్టరు గారికున్న ఓపిక. ఆ తేదీయే పదో తరగతి సర్టిఫికెట్టు మీదికి, అక్కడి నుంచి ఆధార్ మీదికి ఎక్కింది. అలాంటి కాగితం చూసి మనిషి వయసు తేల్చడం అన్యాయం. నమ్మదగ్గ కొలమానం ఒక్కటే ఉంది. రోడ్డు మీద ముక్కూమొహం తెలియనివాడు మనల్ని ఏమని పిలిచాడు?

ఈ విషయంలో మన సమాజం మహా నిక్కచ్చి. మొదట తమ్ముడూ అంటుంది. ఆ తర్వాత చాలాకాలం అన్నా అంటుంది. ఈ 'అన్నా' ఉంది చూశారూ, మనిషి జీవితంలో అదే స్వర్ణయుగం. టీ కొట్టు కుర్రాడు, ఆటో డ్రైవరు, పెట్రోలు బంకువాడు, ఓటడగడానికొచ్చిన అభ్యర్థి, అందరికీ మనం అన్నే. ఇలా సాగిపోతుండగా ఒక శుభముహూర్తాన ఇంజనీరింగ్ కుర్రాడెవడో హారన్ కొట్టి "అంకుల్, కొంచెం సైడ్" అంటాడు. పతనం అక్కడ మొదలవుతుంది. కొన్నాళ్ళు బాబాయ్, తెలంగాణలో అయితే కాకా, ఆపైన ఒకరోజు కండక్టరు "పెద్దాయనా, లోపలికి జరుగు" అనేస్తాడు. ఇంకెవరినో అన్నాడేమోనని మనం వెనక్కి తిరిగి చూస్తాం. వెనక ఎవరూ ఉండరు. ఆడవాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. అక్కా నుంచి ఆంటీకి మధ్యలో ఒక్క స్టేషన్ కూడా లేదు.

పిలిచేవాడు చూసేది మన తల నెరిసిందా లేదా అనే. కాబట్టి తలకు వేసుకునే క్రీమ్ రంగును సౌందర్య సాధనం అనడం పొరపాటు. అది పిలుపు రుసుము. నెలకోసారి కడితే 'అన్నా' హోదాను మరో నెల పొడిగిస్తారు. కిరాణా కొట్టు ముందు షాంపూ దండల పక్కనే వేలాడుతూ ఉంటుంది. అర లీటరు పాల ప్యాకెట్టు ధరకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. అర్జీ అక్కర్లేదు, మీసేవ అక్కర్లేదు, దళారీ అసలే అక్కర్లేదు. ఇంత పారదర్శకంగా నడిచే పథకం దేశంలో మరొకటి చూపించండి.

దీన్ని అమ్మకానికి పెట్టిన మహానుభావుడు యూజీన్ ష్యూలర్ అనే ఫ్రెంచి కెమిస్టు. 1907లో, పాతికేళ్ళు దాటీ దాటని వయసులో, ప్యారిస్‌లో తన చిన్న ఫ్లాటులోనే రంగు తయారుచేసి అక్కడి క్షౌరశాలలకు అమ్మేవాడు. 1909లో పెట్టిన కంపెనీకి 'హాని చేయని జుట్టు రంగుల ఫ్రెంచి సంఘం' అని అర్థమొచ్చే పేరు పెట్టాడు. అదే తర్వాత లోరియాల్ అయింది. హాని చేయదు అని బోర్డు మీదే రాసుకోవాల్సి వచ్చిందంటే అంతకుముందు జనం నెత్తిన ఏమేం పోసుకునేవారో ఊహించుకోవచ్చు. మన ఇళ్ళలో ఇనుప మూకుడులో రాత్రంతా నానబెట్టిన గోరింటాకు పొడి ఎంతో నయం. ఎటొచ్చీ దాంతో జుట్టు నారింజ రంగుకు తిరుగుతుంది, అన్నా అని పిలిచేవాడు ఒక క్షణం ఆగి ఆలోచిస్తాడు.

క్రీమ్ ప్యాకెట్టులో ఉండేవి రెండు బుల్లి సంచులు. ఒకదాంట్లో రంగు, రెండోదాంట్లో డెవలపర్ అనే హైడ్రోజన్ పెరాక్సైడ్. రెండూ సమానంగా కలపాలి. అమోనియా వెంట్రుక పైపొరను తెరుస్తుంది. రంగులో ఉండే పీపీడీ అనే రసాయనం లాంటి బుల్లి అణువులు లోపలికి దూరతాయి. పెరాక్సైడ్ అక్కడున్న పాత రంగును కాస్త కడిగేసి, ఈ బుల్లి అణువులను ఒకదానికొకటి ముడేసి పెద్దవి చేస్తుంది. ఇక అవి బయటికి రాలేవు. పార్కు స్థలంలో ముందు తడిక కట్టి, జనం చూస్తుండగానే మూడంతస్తులు లేపినట్టన్న మాట. తేడా ఏమిటంటే ఈ ఆక్రమణను కూల్చడానికి బుల్డోజర్ రానక్కర్లేదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడో వారానికల్లా పాపిట వెంట తెల్లగీత ప్రత్యక్షమవుతుంది. 'అమోనియా లేదు' అని పెద్ద అక్షరాల్లో రాసిన డబ్బాలూ ఉన్నాయి. దాని బదులు ఏముందో చిన్న అక్షరాల్లో రాస్తారు. ఆ అక్షరాలు ఎంత చిన్నవంటే, అవి చదవగలిగిన వయసువాడికి ఆ డబ్బాతో పనే ఉండదు.

ప్యాకెట్టుతో వచ్చే సూచనల కాగితంలో ఇంకో మాట ఉంటుంది. చెవి వెనకో మోచేతి మడతలోనో కొద్దిగా రాసుకుని 48 గంటలు ఆగి చూడమంటారు. పీపీడీ కొందరికి పడదు. మొహం వాచిపోతుంది, దురద పుడుతుంది, ఒక్కోసారి ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది. సలహా మంచిదే. కానీ సాయంత్రం పెళ్ళి పెట్టుకుని మధ్యాహ్నం ప్యాకెట్టు కత్తిరించే జాతికి 48 గంటల సంగతి చెబితే ఎలా? స్కూటరు కొనడానికి వర్జ్యం, రాహుకాలం చూసి షోరూములో రెండు గంటలు కూర్చునే మనమే, ప్రాణం మీదికొచ్చే విషయంలో అరక్షణం ఆగం. తప్పు మనది కాదు, పంచాంగానిది. మంగళవారం క్షవరం కూడదని చెప్పిన పెద్దలు రంగు ఏ రోజు కూడదో చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆ మౌనాన్నే అనుమతిగా తీసుకుని తెలుగునాడు మొత్తం ఆదివారం ఉదయం అనే ముహూర్తాన్ని ఏకగ్రీవంగా ఖాయం చేసుకుంది.

ఆదివారం ఉదయం పది గంటలకు ఏ మధ్యతరగతి ఇంట్లోకైనా తొంగి చూడండి. ఇంటి యజమాని చిల్లుల బనియనులో ఉంటాడు. ఆ బనియను ఆరు నెలల క్రితమే నేల తుడవడానికి వెళ్ళాల్సింది, ఈ కార్యక్రమం కోసమే బీరువా అడుగున బతికి ఉంది. మెడ చుట్టూ పాత టవల్. ఐస్‌క్రీమ్ డబ్బా మూతలో క్రీము, చేతిలో రిటైరైన టూత్‌బ్రష్. ప్యాకెట్టుతో పాటు వచ్చిన గ్లౌజులు అతని చేతికంటే పెద్దవి, కానీ బొటనవేలి దగ్గర అప్పుడే చిరిగాయి. కలిపినప్పుడు క్రీము పాలమీగడలా అమాయకంగా ఉంటుంది. గాలి తగిలి ముందు వంకాయ రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. అసలు చిక్కు ఇక్కడ కాదు, కళ్ళజోడు దగ్గర. జోడు లేకపోతే కణతల దగ్గర తెల్లవెంట్రుక కనబడదు. జోడు పెట్టుకుంటే కణతల మీద బ్రష్ ఆడదు. తెల్లజుట్టు, చత్వారం ఒకే వయసులో ఎందుకొస్తాయో, వాటి మధ్య ఈ ఒప్పందం ఎవరు కుదిర్చారో పరిశోధన జరగాలి. అతను జోడు పెట్టుకుని ఒక గీత గీస్తాడు, తీసి ఒక గీత గీస్తాడు. చివరికి జుట్టుకంటే ముందు జోడు కాళ్ళు నల్లబడతాయి.

తల వెనకవైపు ఎవరిది వాళ్ళకు కనబడదు. అది భార్య డిపార్ట్‌మెంటు. మన రెండు రాష్ట్రాల్లో సంసారాలు ఇంత నిలకడగా ఉండడానికి మానవుడి మెడ వెనక భాగమే కారణమని నా అభిప్రాయం. శనివారం రాత్రి ఎంత పెద్ద గొడవైనా ఆదివారం పదింటికల్లా రాజీ కుదరాలి. లేకపోతే ముందు నుంచి చూస్తే అన్న, వెనక నుంచి చూస్తే తాత. ఆవిడ కూడా ఈ అధికారాన్ని ఊరికే వదలదు. "కదలకండి" అని తల వంచి, వాళ్ళ చెల్లెలి గృహప్రవేశానికి పెట్టాల్సిన చీర ధర సరిగ్గా అప్పుడే చెబుతుంది. తల ఊపడానికి వీల్లేదు, ఊపితే చెవికి అంటుకుంటుంది. ఊపకపోతే ఒప్పుకున్నట్టు.

ఆ తర్వాత అరగంట మౌనవ్రతం. ఈ అరగంటలోనే గ్యాస్ సిలిండరు వస్తుంది, ఓటీపీ చెప్పాలి. అపార్ట్‌మెంటు సెక్రటరీ మెయింటెనెన్స్ కోసం వస్తాడు. తలుపు వారగా తీసి, ముక్కు వరకే చూపించి మాట్లాడతాం. సెక్రటరీ కూడా ఏమీ చూడనట్టే మాట్లాడతాడు. ఎందుకంటే ఆయన చెవి తమ్మె మీద పోయినవారపు మరక ఇంకా ఉంది.

ఇక చట్టం. కనుబొమలకు, రెప్పలకు ఈ రంగు వేస్తే చూపు పోయే ప్రమాదముందని డబ్బా మీద అచ్చువేయాలని మన దేశంలో నిబంధన. అందుకే పైన కాటుక లాంటి జుట్టు, కింద దూది లాంటి కనుబొమలు. జుట్టు విషయంలో పౌరుడికి పూర్తి స్వేచ్ఛనిచ్చిన ప్రభుత్వం, కళ్ళకు సరిగ్గా అంగుళం పైన మాత్రం నిజం చెప్పి తీరాలని పట్టుబట్టింది.

చట్టం సంగతి ఎలా ఉన్నా, వేంకటేశ్వరస్వామి ఆడిట్ ఇంకా కఠినం. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చినప్పుడు మొక్కు మనదే, రంగు కంపెనీది. దేవస్థానం వారు ఆ జుట్టును రకాలుగా విడదీసి వేలం వేస్తారు. అందులో తెల్లవెంట్రుకలకు ప్రత్యేక విభాగం ఉంది. ఈ దేశంలో తెల్లజుట్టును విడిగా గుర్తించి విలువకట్టే సంస్థ నాకు తెలిసి అదొక్కటే. పదిహేను రోజులకు కొత్త జుట్టు మొలుస్తుంది, ఉప్పు చల్లినట్టు. టోపీ పెట్టుకున్నా పక్కల నుంచి మెరుస్తుంది. ఇక తండ్రి పోయి గుండు చేయించుకున్నవాణ్ణి మాత్రం మన బంధువులు ఎంత ఉదారంగా చూస్తారో. మాసికానికి వచ్చి, ఆ మొలకలు చూసి, "పాపం, నాన్న మీద బెంగతో నెల రోజుల్లో ఎలా నెరిసిపోయాడో" అని కళ్ళు తుడుచుకుంటారు. అన్నవాళ్ళ తలలన్నీ నల్లగా ఉంటాయి.

దశరథుడు చెవి దగ్గర ఒక తెల్లవెంట్రుక చూసుకుని, రాజ్యం ఇక రాముడికి అప్పగించాలనుకున్నాడని పాతకాలపు కవులు చెప్పారు. పాపం, అయోధ్యలో కిరాణా కొట్టు లేదు. ఇప్పుడు ఆ ప్రమాదం లేదు. మన శాసనసభల్లో అధికారపక్షమూ ప్రతిపక్షమూ ఓటింగ్ లేకుండా అంగీకరించిన ఏకైక తీర్మానం నలుపు. యువరాజులు ఎదురుచూసి ఎదురుచూసి, ఇప్పుడు వాళ్ళూ రంగు వేసుకుంటూ ఎదురుచూస్తున్నారు. ఉద్యోగుల సంగతి వేరు. తెలంగాణలో 2021లో పదవీ విరమణ వయసు 61 అయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62 అయింది. అంటే రాష్ట్ర విభజన కారణంగా ఆంధ్రా ఉద్యోగి నెత్తిన పన్నెండు ప్యాకెట్ల అదనపు భారం పడింది. విభజన హామీల్లో దీని ప్రస్తావనే లేదు.

పోనీ, తెల్లజుట్టుతో దర్జాగా ఉందామంటే దానికి దక్కే లాభమేమిటి? రైళ్ళలో అరవై దాటిన మగవాళ్ళకు 40 శాతం రాయితీ ఉండేది. 2020 మార్చిలో ఆపేశారు, మళ్ళీ ఇవ్వలేదు. ఏపీఎస్ఆర్టీసీ బస్సుల్లో అరవై దాటితే 25 శాతం తగ్గింపు ఉంది. కానీ దానికి ఆధార్ తీయాలి. కండక్టరు కార్డు చూసి, తల చూసి, మళ్ళీ కార్డు చూసి, "మీదేనా అన్నా?" అంటాడు. ఆ ఒక్క మాట కోసం పూర్తి టికెట్టు కొన్నవాళ్ళు నాకు తెలుసు.

మా వీధిలో ఒక రిటైర్డ్ ఇంజనీరు గారున్నారు. వయసు అరవై నాలుగు, తల నిగనిగలాడుతూ ఉంటుంది. విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్తుంటే, వయసు చూసి కంప్యూటర్ ఆయనకు కింది బెర్త్ ఇచ్చింది. కంప్యూటరుకు జుట్టు కనబడదు కదా. అనకాపల్లి దాటగానే ఒక కుర్రాడొచ్చి, "అన్నా, మా అమ్మకు పై బెర్త్ వచ్చింది, మోకాళ్ళ నొప్పులు. మీరు ఎక్కగలరు కదా, కొంచెం మార్చుకుంటారా?" అని అడిగాడు. వెనక ఆవిడ నిలబడి ఉంది. తల ముగ్గుబుట్ట. వయసు యాభై ఎనిమిదని తర్వాత మాటల్లో తేలింది. ఇంజనీరు గారి మోకాళ్ళకు అప్పటికే రెండేళ్ళుగా ఫిజియోథెరపీ నడుస్తోంది. ఆ సంగతి చెబితే కింద పడుకోవచ్చు, కానీ ఆ కుర్రాడు అన్నా అన్నాడు. ఆయన చెప్పులు విడిచి, గొలుసు పట్టుకుని, పళ్ళ బిగువున మూడు దఫాలుగా పైకెక్కారు.

ఆవిడ కింది బెర్త్ మీద దుప్పటి పరుచుకుని, పైకి చూసి, "చల్లగా ఉండు నాయనా, మీ అమ్మ కడుపు చల్లగా" అంది.