మోడల్‌కు ఇచ్చే అంకె సంగతేమిటి?

"మట్టికట్ట కింద ఊట ఎంతో కంప్యూటర్ మోడల్ కచ్చితంగా చెప్పేస్తుంది" అని మట్టి డ్యామ్‌ల గురించిన మీ వ్యాసంలో రాశారు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. 1856లో ఫ్రాన్స్‌లో ఇంజినీరు హెన్రీ డార్సీ ఇసుకలోంచి నీళ్లు పంపి చూసి, నీరు ఎంత వేగంగా ఊరుతుందో చెప్పే సూత్రం కనిపెట్టారు; దాన్నే మోడల్ వేల చిన్న గడుల్లో లెక్క కడుతుంది. ఏ గడిలో మట్టి నీటిని ఎంత వదులుతుందో చెప్పాల్సింది మాత్రం మనమే. గులకరాళ్లకూ బంకమట్టికీ ఆ అంకెలో తేడా పది లక్షల రెట్లకు పైనే! మట్టిని పరీక్షించడానికి వేసిన రెండు బోర్ల మధ్య ఒక్క ఇసుక పొర దాక్కున్నా చాలు, స్క్రీన్ మీద రంగుల బొమ్మ తప్పే చూపిస్తుంది.

అమెరికాలోని టీటన్ డ్యామ్ 1976 జూన్ 5న, మొదటిసారి నింపుతుండగానే తెగింది. పగుళ్ల రాతి పక్కన పోసిన మెత్తటి మట్టి ఊటతో పాటే కొట్టుకుపోయింది. పదకొండు మంది చనిపోయారు. మామూలు ఊట మోడల్ నీటిని లెక్కిస్తుంది గానీ, కదిలిపోయే మట్టి రేణువుల్ని కాదు.

పోలవరంలో వరదలకు డయాఫ్రమ్ వాల్ (డ్యామ్ కింద ఊటను ఆపే భూగర్భ కాంక్రీటు గోడ) దెబ్బతింది కదా. దిగువన ఉండేవాళ్లం, మాకు మోడల్ ఫలితాలతో పాటు పీజోమీటర్ (మట్టిలో నీటి ఒత్తిడిని కొలిచే పరికరం) రీడింగులు కూడా ఎప్పటికప్పుడు చూపించండి.