సవరణ: 2010లో పోయింది బో భాష ఒక్కటే

2010 జనవరిలో బో భాష చివరి వక్త బోవా సీనియర్ మరణంతో అండమాన్ ఆదిమ భాషలు అంతరించాయని ముందటి పోస్టులో ఉంది. అది సరికాదు. ఆమెతో పోయింది బో భాష. గ్రేట్ అండమానీ సమూహంలో ఒకప్పుడున్న పది భాషల్లో అదొకటి. స్ట్రెయిట్ ద్వీపంలో మిగిలిన కొద్దిమంది పెద్దవాళ్లది ఆ పదిలోనే ఒకటైన జేరు పునాదిగా ఏర్పడిన కలగలుపు భాష. దాని వ్యాకరణం అబ్బురమే: నోరు, చెయ్యి, కాలు అంటూ శరీరాన్ని భాగాలుగా విడదీసి, ఏ భాగానిదైతే ఆ ఉపసర్గను నామానికే కాదు, క్రియకు, విశేషణానికి కూడా ముందు తగిలిస్తారు. ఇంత సూక్ష్మమైన అమరిక చేజారుతోందంటే బాధగా ఉంటుంది.

లిటిల్ అండమాన్‌లో ఓంగే, దక్షిణ, మధ్య అండమాన్ పడమటి అడవుల్లో జారవా భాషలు ఇప్పటికీ పిల్లల నోట ఉన్నాయి. ఈ రెండూ ఒకే కుటుంబం. గ్రేట్ అండమానీతో వీటి చుట్టరికం రుజువు కాలేదు. ఉత్తర సెంటినల్ ద్వీపంలో బయటి ప్రపంచానికి దూరంగా ఉండే సెంటినలీల భాషను బయటివాళ్లెవరూ నేర్చుకోలేదు కాబట్టి దాన్ని ఏ కుటుంబంలోనూ రూఢిగా చేర్చలేం.

ముందటి పోస్టు పటంలో నికోబారీని కూడా అండమాన్ భాషల రంగులోనే చూపించారు, అదీ మార్చాలి. నికోబారీ ఆస్ట్రోఏషియాటిక్ భాష. మన ఉత్తరాంధ్ర ఏజెన్సీలోని సవరకు, గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్‌కు దూరపు బంధువు.