కాళ్లు చూస్తారు, కళ్లు చూస్తారు, చిగుళ్లు మాత్రం ఎవరూ చూడరు

మా నాన్నకి షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్లు. ఆరు నెలలకోసారి చెకప్‌కి నేనే తీసుకెళ్తా, పాదాల్లో స్పర్శ చూస్తారు, కళ్లకి టెస్ట్ రాస్తారు, కిడ్నీలకి క్రియాటినిన్ రాస్తారు, ఇన్నేళ్లలో ఒక్క డాక్టర్ కూడా "ఏదీ, నోరు తెరవండి" అనలేదు. బ్రష్ చేసినప్పుడల్లా రక్తం వస్తోందని నాన్న కూడా ఎవరికీ చెప్పలేదు, వయసు కదా అనుకున్నారంట. పోయినేడు రెండు పళ్లు ఊగడం మొదలయ్యాక డెంటిస్ట్ ఎక్స్‌రే తీస్తే తెలిసింది, చిగుళ్ల కింద ఎముక చాలావరకు కరిగిపోయిందని.

వయసు వల్ల కాదండీ ఇది, పాచి వల్ల. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో (Löe) అనే పళ్ల డాక్టర్, ఆయన టీమ్ కలిసి చిగుళ్లు బాగున్న వాళ్లనే పళ్లు తోమడం ఆపేయమన్నారు, మూడు వారాలు తిరిగేసరికి అందరికీ చిగుళ్లు వాచాయి, మళ్లీ తోమితే తగ్గాయి. అక్కడితో ఆగితే పర్లేదు. కొందరిలో పాచి గారలా గట్టిపడి చిగురు కిందకి దిగుతుంది, పంటికీ చిగురుకీ మధ్య సందు లోతవుతుంది, లోపల ఎముక పోతుంది, అది తిరిగి రాదు. ముదిరిన వాళ్లలో ఆ సందుల లోపలి భాగమంతా పరిచి చూస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని ఒక లెక్క. షుగర్ పేషెంట్ కాలికి అంత పుండు పడితే ఇంట్లో ఎవరికైనా నిద్ర పడుతుందా? నోట్లో మాత్రం ఏళ్లకేళ్లు ఉంచేసుకుంటాం, నొప్పి ఉండదు కాబట్టి.

షుగర్‌తో దీనికి రెండువైపులా లింకు ఉంది. షుగర్ కంట్రోల్‌లో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లలో వాపు అలాగే ఉంటే ఆ వాపు తాలూకు రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచేయనివ్వవు. 2022లో కాక్రేన్ అని, వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే సంస్థ వాళ్లు ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే, చిగుళ్ల కింద క్లీనింగ్ చేయించుకున్న వాళ్లకి మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే టెస్ట్) సగటున 0.43 పాయింట్లు తగ్గింది, అంటే 8 శాతం ఉన్నది 7.57 అయినట్టు. ఇంకో మాత్ర కలిపితే వచ్చే తేడాకి దగ్గర్లో ఉంది ఇది. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ సర్వే చెప్పాక కూడా దీన్ని పళ్ల గొడవే అని పక్కన పెట్టడం నాకు అస్సలు అర్థం కాదు.

చిగుళ్లు బాగుచేయించుకుంటే గుండెపోటు రాదని వాట్సాప్‌లో తిరిగేవి మాత్రం నమ్మకండి. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండెపోట్లు ఎక్కువనేది నిజమే, కానీ చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు ఆగుతుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు, 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా అదే చెప్పింది. సిగరెట్ రెండిటినీ పాడుచేస్తుంది, అందుకే ఏది దేనివల్లో విడదీయడం కష్టం. పైగా పొగ తాగేవాళ్లకి చిగుళ్లలో రక్తం తక్కువగా వస్తుంది, బాగానే ఉన్నాయనుకుంటారు పాపం.

స్కేలింగ్, అంటే ఈ గార తీసే క్లీనింగ్, చేయిస్తే పళ్లు లూజవుతాయని మా ఇంట్లోనూ భయపడ్డారు. ఆ పళ్లు ముందే లూజయ్యాయి, మధ్యలో ఉన్న గార తీసేస్తే సందులు బయటపడతాయి, అంతే. చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లో ఈ ఖర్చు రాదు, కాలు తీసేసే ఆపరేషన్‌కి మాత్రం వస్తుంది.

వచ్చే నెల నాన్న చెకప్ ఉంది, ఈసారి డెంటిస్ట్ రాసిన చిగుళ్ల చార్ట్ కూడా ఫైల్లో పెట్టా, షుగర్ డాక్టర్ అడగకపోయినా నేనే తీసి టేబుల్ మీద పెడతా.