డాక్టరు రాసిచ్చిన బీడీ

మా చిన్నాయన కడపలో నలభై ఏళ్లు దస్తావేజులు రాసిన మనిషి. నోటిమాట ఎవరిదైనా ఆయన దగ్గర చెల్లదు. కాగితం మీద ఉండాల్సిందే.

పోయిన నెల దగ్గు పట్టుకుంటే ఏడురోడ్ల దగ్గర ఒక డాక్టరుకు చూపించాం. "పెద్దాయనా, ముందు బీడీలు మానెయ్" అన్నాడాయన. చిన్నాయన బుద్ధిగా తలూపాడు.

రాత్రి సంగటి తిని, చెయ్యి కడుక్కుని, అరుగు మీద కూర్చుని చీటీ విప్పాడు. మందుల పేర్లు చీమలు సిరాలో దొర్లి పాకినట్టున్నాయి. పక్కన పొట్టి అక్షరాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి: '1 బి.డి., పి.సి.'

"చూడు, ఒక బీడీ అని రాసినాడు."

"మానెయ్యమన్నాడు కదా చిన్నాయనా!"

"అది నోటిమాట. ఇది రాత. కోర్టులో ఏది నిలబడ్తాది?" అంటూ అగ్గిపుల్ల గీశాడు. మరి పి.సి. ఏమిటంటే, "పోలీసు కానిస్టేబులు అడిగితే ఈ చీటీ చూపీమని" అన్నాడు, దగ్గుతూనే.

ఈలోగా చిన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని చీటీ లాక్కుంది. అడుగున జ్వరం మాత్ర పక్కన 'ఎస్.ఓ.ఎస్.' అని ఉంది. బెంగళూరులో ఉన్న కొడుక్కి ఫోన్ చేసింది. "ఓడ మునిగేటప్పుడు పంపుతారమ్మా అది" అన్నాడు వాడు, ఏదో పనిలో ఉండి. ఇక చూడండి, వీధంతా మా అరుగు మీదే.

పొద్దున్నే మందుల షాపుకు పరిగెత్తాను. షాపాయన నవ్వాపుకుని, "అవన్నీ లాటిన్ మాటలన్నా. బి.డి. అంటే బిస్ డై" అన్నాడో లేదో, నా వెనకే వచ్చిన చిన్నమ్మ ఆ 'డై' విని స్టూలు మీద కూలబడింది. లాటిన్‌లో ఆ మాటకు రోజు అని అర్థమట. అంతా కలిపితే రోజుకు రెండుసార్లు. పి.సి. అంటే పోస్ట్ సిబమ్, తిన్న తర్వాత. ఎస్.ఓ.ఎస్. అంటే సి ఓపస్ సిట్, అవసరమైతేనే. ఓడల ఎస్.ఓ.ఎస్. వేరే సంగతి. అది ఆపదలో సాయం అడగడానికి 1906లో బెర్లిన్ వైర్‌లెస్ టెలిగ్రాఫు సమావేశంలో ఖాయం చేసిన మోర్స్ గుర్తు: మూడు చుక్కలు, మూడు గీతలు, మళ్లీ మూడు చుక్కలు. అసలు దానికి పూర్తి పేరే లేదు.

ఒకప్పుడు యూరప్‌లో వైద్యం చదువు లాటిన్‌లో సాగేది. చదువు మారింది, చీటీ మారలేదు. 'రోజుకు రెండు' అని తెలుగులో రాస్తే ఎంత సిరా ఖర్చవుతుందో!

ఇంటికొచ్చి అంతా విడమరిచి చెప్పాను. చిన్నాయన శ్రద్ధగా విన్నాడు, మాత్ర మింగాడు, నీళ్లు తాగాడు.

"ఆ మూడోది ఏమన్నావు? అవసరమైతేనే, అనా?"

"అవును చిన్నాయనా."

"అయితే పొయ్యి, నా బీడీకి అది రాయించుకోని రా."