వారధి అని చెప్పి పంటెక్కించిన వెబ్‌వ్యూ గారికి

ఫోన్ యాప్‌ల లోపల కూర్చుని వెబ్ పేజీలు చూపించే మహారాజశ్రీ వెబ్‌వ్యూ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలెడదామనుకున్నానండి. కానీ నా వైపు కుశలం నిన్న మధ్యాహ్నం రెండు గంటలకి, సఖినేటిపల్లి అవతల ఒక రొయ్యల చెరువు గట్టు మీద పోయింది.

సంగతి మీకు తెలియనిది కాదు. పాలకొల్లులో బయల్దేరి, నరసాపురం రేవులో బండిని పంటు, అంటే రేవు దాటించే బల్లకట్టు, ఎక్కించి, వశిష్ఠ గోదావరి దాటి మరీ వెళ్లాను డెమోకి. ఆరు నెలలు ఒళ్లు హూనం చేసుకుని రాసిన యాప్. మేత లెక్క, నీళ్ల లెక్క, చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఫోటో, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో), అన్నీ అందులోనే. తెరంతా తమరి చేతిలో పెట్టి, కెమెరా, బ్లూటూత్ మీటరు వరకే నేటివ్ కోడ్‌లో, అంటే నేరుగా ఆ ఫోన్ సొంత భాషలో, రాశాను. ఒక్కసారి రాస్తే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుందని కదా తమరి పేరు చెప్పి అందరూ ఊదరగొట్టింది!

రైతుగారు నా ఫోన్ వద్దన్నారు. తన ఫోనే తీశారు. 3 జీబీ ర్యామ్, గీతలు పడ్డ అద్దం, వెనకాల మేత కంపెనీ స్టిక్కరు. ట్రే పైకి లాగి, తడి వేలు లుంగీకి తుడుచుకుని, ఫోటో తీసి టిక్ నొక్కారు. తెర తెల్లబడింది. అంతే. ఇంకేం రాలేదు. ఆయన ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటండి బాబూ, దీనిక్కూడా వైట్ స్పాట్ తగిలిందా?" అన్నారు.

గట్టు మీద నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను. చెరువుల దగ్గర రొయ్యల్ని చంపే ఆ జబ్బు పేరు ఊరికే ఎవరూ ఎత్తరు, తగిలిందంటే పంటంతా పోయినట్టే. అలాంటి మాట ఆయన నోట్లోంచి నా యాప్ మీదకి వచ్చిందంటే ఇంక నా పరువు సంగతి మీరే ఊహించుకోండి.

ఇంటికొచ్చి లాగ్‌లు, అంటే యాప్ రాసుకున్న చిట్టా, తిరగేశాను. ఇక్కణ్నుంచి ఈ గారూ గీరూ నా వల్ల కాదు, ఏమనుకోకు.

ఫోటో 6 ఎంబీ. అది నేటివ్ ఒడ్డున ఉంది, నీ ఒడ్డుకి రావాలి. ఈ రెంటికీ మధ్య ఉన్నదాన్ని అందరూ బ్రిడ్జి అంటారు. బ్రిడ్జంటే ఏంటో గోదావరోళ్లకి నువ్వు చెప్పక్కర్లేదు. రాజమండ్రిలో 1974 నుంచీ ఉంది, కింద రైళ్లు, పైన బండ్లు, ఎవరి దారిన వాళ్లు పోతారు. నీ బ్రిడ్జి మీద నడిచేది ఒక్క అక్షరాలే. ఫోటో ఫోటోలా రాకూడదట. బేస్64 చేసి, అంటే ప్రతి మూడు బైట్లనీ నాలుగు అక్షరాలు చేసి పంపాలట. అలా 6 ఎంబీ కాస్తా 8 అయింది. దాన్ని జేసన్ అనే అక్షరాల మూటలో కట్టి ఇటో నకలు, అటో నకలు. అవతల మూట విప్పి బొమ్మగా పరిచేసరికి 4000 ఇంటూ 3000 పిక్సెళ్లు, ఒక్కోదానికి 4 బైట్లు, 48 ఎంబీ! ఆ ఇరుకు ఫోన్‌లో ఆండ్రాయిడ్ మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది? పేజీ గీసే ప్రాసెస్‌ని లేపేసింది. దాంతోపాటు యాప్ కూడా పడిపోకుండా నేనే ముందుజాగ్రత్తగా కాపు కాశాను కాబట్టి యాప్ బతికింది, నువ్వు పోయావు, మాకు ఆ తెలుపు మిగిలింది.

పంటు నయం కదరా నీకంటే! నిన్న తిరుగు ప్రయాణంలో రేవులో నిలబడి చూశాను. ఒక కారొచ్చింది, చక్రాలతో సహా పంటెక్కింది, చక్రాలతో సహా దిగిపోయింది. దాన్ని బోల్టు బోల్టూ విప్పి గోనెసంచుల్లో కట్టి, సంచుల బరువు కూడా తూకం వేసి, అవతలొడ్డున మళ్లీ బిగించుకోమని పంటు నడిపే సరంగు ఎవర్నీ అడగలేదు.

మిగతావి ఇప్పుడు తవ్వను. కౌంట్ కొట్టే గడి మీదకే కీబోర్డు వచ్చి కూర్చోవడం, ఆండ్రాయిడ్‌లో గూగుల్ వాళ్ల క్రోమియం కడుపున పుట్టి ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ల వెబ్‌కిట్ ఇంటికి దత్తు పోవడం, 2021 మార్చిలో ఒక్క అప్‌డేట్‌తో ఆండ్రాయిడ్‌లో బోలెడు యాప్‌లు టపటపా మూసుకుపోయేలా చెయ్యడం, అవన్నీ మరో ఉత్తరంలో. నిన్ను పెట్టి యాప్‌లు కట్టే సరంజామాకి మొదట్లో ఫోన్‌గ్యాప్ అని పేరు పెట్టినప్పుడే మాకు అనుమానం రావాల్సింది, పేరులోనే గ్యాప్ ఉంది. తర్వాత కార్డోవా అన్నారు, కెపాసిటర్ అన్నారు. బోర్డు మారింది, రేవు అదే.

పోనీ వదిలేద్దామా అంటే, ఆండ్రాయిడ్‌కి ఒకణ్ని, ఐఫోన్‌కి ఒకణ్ని పెట్టుకునే స్తోమతే ఉంటే నీ గుమ్మం ఎందుకు తొక్కుతాను? పాలకొల్లులో మేడ మీద గదిలో కూర్చుని ఒక్కణ్నే రెండు ఫోన్లకీ యాప్ ఇవ్వగలుగుతున్నానంటే అది నీ చలవే, కాదనను. పొద్దున తెరలో ఒక అక్షరం మారిస్తే పది నిమిషాల్లో రెంటిలోనూ మారుతుంది. ఆ పది నిమిషాల కోసమే ఇన్ని తిట్లు దిగమింగుతున్నాను.

ఇంకో సంగతి. మందు కూడా దొరికింది. ఫోటోని నేటివ్ ఒడ్డునే ఫైలుగా ఉంచి, అక్కడే చిన్నది చేసి, నీకు దాని అడ్రసు చీటీ ఒక్కటే పంపితే చాలట. రాత్రి ఒంటిగంటకి పదకొండు లైన్లు మార్చాను. అమ్మ పాత ఫోన్‌లో పెట్టి చూస్తే టక్కున తెరుచుకుంది. ఇదంతా డాక్యుమెంటేషన్‌లో ముందునుంచీ ఉంది, ఒక్క లైనులో. శాంపిల్ కోడ్ దించేసి, నా ఖరీదైన ఫోన్‌లో చూసుకుని మురిసిపోయింది నేనే. అయినా సరే, నిన్న ఎండలో నవ్వులపాలైంది కూడా నేనే కదా, తిట్టే హక్కు నాకుంది.

ఇట్లు,
ఆదివారం మళ్లీ నీ పంటే ఎక్కబోతున్న
పాలకొల్లు డెవలపరు

తా.క.: రైతుగారికి ఫోన్ చేసి, బాగుచేశాను, ఆదివారం వస్తానన్నాను. "ఆయ్, రండి, భోజనం ఇక్కడే. మీరొచ్చేదాకా నేను పుస్తకంలో రాసుకుంటున్నా లెండి, వచ్చాక కూడా రాసుకుంటాను" అన్నారు.